ఇంకో గోడ ఉంది

జనవరి 4

రంగుల కొట్టువాడు కొత్త సంవత్సరానికని ఈ డైరీ ఊరికే ఇచ్చాడు. ప్రతి పేజీ అడుగునా ఒక బ్రష్షు బొమ్మ. ఉద్యోగమంతా హడర్స్‌ఫీల్డ్ వీధుల్లో బస్సు తిప్పినవాణ్ణి, నాకు డైరీలో రాసుకునేందుకేముంటుంది. ఏ వారం ఏ పని చెయ్యాలో రాసిపెట్టుకుందామని మొదలుపెడుతున్నాను.

మార్చిలో ఊరి కౌన్సిల్ నుంచి ఒకావిడ వస్తుంది. మా ఆవిడ మావిస్ ఇంట్లోనే నాతో ఉండవచ్చో, వృద్ధాశ్రమానికి పంపాలో ఆవిడే తేలుస్తుంది. ఇంటి పరిస్థితి కూడా చూస్తామని ఉత్తరంలో ఉంది. చూడనీ. ఇల్లంటే ఎలా ఉండాలో నేను చూపిస్తాను.

ఇప్పుడైతే చూపించేలా లేదు. తలుపులన్నీ ముదురు చెక్క రంగు, పగలు కూడా లైటు వెయ్యాలి. వంటింటి గోడల మీద ఉల్లిపాయల బొమ్మల వాల్‌పేపర్, నారింజ రంగువి. మేం ఈ ఇంట్లోకొచ్చిన వేసవిలో నేనే అంటించాను. కిటికీ పక్క వరస తలకిందులుగా పడింది. పీకేస్తానంటే మావిస్ చస్తే ఒప్పుకోలేదు. వచ్చినవాళ్ళందరినీ అక్కడ నిలబెట్టి, "మా ఆయన పనితనం చూడండి, ఉల్లిపాయలు కూడా శీర్షాసనం వేశాయి" అని నవ్వించేది. ఇన్నాళ్ళకి ఆ పరువు తక్కువ వదులుతుంది.

సాయంత్రం టీ అయ్యాక మావిస్ కోటు వేసుకుని, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీద కూర్చుంటోంది. "సిరిల్, ఇంక మనింటికి పోదాం పద" అంటుంది. ఇదే మనిల్లు అంటే, వేళాకోళానికి అంటున్నానేమోనని నవ్వుతుంది. ఈ మతిమరుపు జబ్బు అంతేనని డాక్టరు అన్నాడు. నాకు మాత్రం ఒకటనిపిస్తోంది. ఇంత మాసిపోయిన ఇంట్లో కూర్చుంటే ఎవరికైనా లేచి వెళ్ళిపోవాలనే ఉంటుంది. వెలుగు రావాలి. అన్నీ తెలుపు వేసేస్తాను. ముందు వంటిల్లు, తర్వాత నడవా, ఆ తర్వాత ముందుగది. మనిషిని పెట్టుకోను. చేతులు ఇంకా పడిపోలేదు.

జనవరి 12

డోరీన్ వచ్చింది. మావిస్ చెల్లెలు. ఆదివారం ఆదివారం కేకు తెచ్చి, దాంతో పాటు నాలుగు చీవాట్లు కూడా తెస్తుంది.

నేను లైబ్రరీ నుంచి తెచ్చిన పత్రికల్లో బొమ్మలు చూపించాను. తక్కువ ఖర్చులో పాత ఇంటికి కొత్త రూపు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకోకుండానే పక్కకి తోసేసింది.

"ఎందుకు సిరిల్ ఈ గొడవంతా? అది కూర్చుని ఆ ఉల్లిపాయలు చూసుకుంటోంది. చూసుకోనివ్వు."

"ఆ కౌన్సిలావిడ ఈ ఉల్లిపాయలు చూసిందంటే నన్ను కూడా ఆశ్రమంలో వేస్తుంది."

"వెయ్యాల్సిందే. రంగు వెయ్యాలనుంటే ముందు నీ మొహానికి వేసుకో. నిద్రపోయి ఎన్నాళ్ళయింది నువ్వు?"

మావిస్ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "మీరిద్దరూ పెళ్ళి చేసుకున్నారా?" అని అడిగింది. డోరీన్ కేకు కొయ్యడానికి వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు.

జనవరి 20

వంటింటి అల్మారాల తలుపులు మార్చాను. ఎవరో కొత్త వంటిల్లు కట్టించుకుంటూ తెల్లవి తీసేశారు, చవగ్గా దొరికాయి. అంచులు చిత్రిక పట్టి మా కొలతకి తెచ్చాను. పిడులు కొత్తవి. పాత తలుపులు గేటు దగ్గర పెట్టి, కావలసినవాళ్ళు తీసుకోవచ్చని అట్టముక్క మీద రాసి పెట్టాను. టీ తాగి వచ్చేసరికి పక్కింటి ఆర్నాల్డ్ ఎత్తుకుపోయాడు. ఆయనకి పందెపు పావురాలున్నాయి, వాటి గూటికట.

బాగుంది. నిజంగా బాగుంది. పత్రికలో బొమ్మలాగే ఉంది.

మావిస్ కప్పుల కోసం తలుపులన్నీ తీసి చూసింది. కప్పులు ఎప్పుడూ ఉండే చోటే ఉన్నాయి. చివరికి పాలకూజాలో టీ పోసి తెచ్చిచ్చింది. అలవాటు పడుతుంది.

జనవరి 27

ఉల్లిపాయలు పోయాయి. నీళ్ళు కొట్టి గీకితే ఊడొచ్చేశాయి. తలకిందుల వరస మాత్రం మొండికేసింది, గోళ్ళు అరిగిపోయాయి. నేను గీకుతుంటే మావిస్ కిందపడ్డ ముక్కలు ఏరి సంచీలో వేసుకుంది. చెత్త ఎందుకు అన్నాను. "పులుసులోకి" అంది.

రెండు పూతలు తెలుపు వేశాను.

ఫిబ్రవరి 3

నడవా కూడా అయిపోయింది. గోడలు, తలుపులు, చట్రాలు అన్నీ ఒకటే తెలుపు. నడవా రెట్టింపైనట్టుంది. ఎక్కడ గోడ ఆగిందో ఎక్కడ తలుపు మొదలైందో తెలియనంత నున్నగా వచ్చింది. అంత చక్కటి పని నా జన్మలో చెయ్యలేదు.

మధ్యాహ్నం మావిస్ నడవాలో గోడ తడుముకుంటూ అటూ ఇటూ నడిచింది. స్నానాలగది ఎదుటే నిలబడి ఉంది. ఏం కావాలని నేను అడిగేసరికే ఆలస్యమైపోయింది. ఆమె బట్టలు మార్చాను. నేల తుడిచాను. దీని గురించి ఇంక రాయను.

ఫిబ్రవరి 4

అలవాటు పడుతుంది.

ఫిబ్రవరి 10

వంటింటి నేల. బూడిద రంగు ప్లాస్టిక్ పలకలు, వెనక జిగురు కాగితం ఊడదీసి అంటించడమే. అద్దంలా మెరుస్తోంది. మోకాళ్ళు మాత్రం నావి కావు ఇవాళ.

మావిస్ గుమ్మంలో ఆగిపోయింది.

"నీళ్ళొచ్చేశాయి సిరిల్."

"నీళ్ళు కాదు. నేల. ఇదిగో చూడు, నేను నడుస్తున్నాగా."

"నీకు బూట్లున్నాయి."

చెప్పులు విడిచి చేత్తో పట్టుకుంది. గౌను మోకాళ్ళ దాకా ఎత్తి ఒక పాదం కిందపెట్టి చూసి మళ్ళీ వెనక్కి తీసేసుకుంది. బ్లాక్‌పూల్ సముద్రం ఒడ్డున నీళ్ళలో దిగేటప్పుడు సరిగ్గా ఇలాగే దిగేది. నాకు నవ్వొచ్చింది, ఆమె కూడా నవ్వింది, అప్పటికి బాగానే ఉంది. కానీ ఆ పూట భోజనానికి వంటింట్లోకి రాలేదు. మెట్ల మీదకే పళ్ళెం పట్టుకెళ్ళాను. ఆ తర్వాత కూడా అంతే.

ఫిబ్రవరి 14

వాలెంటైన్ కార్డు ఇచ్చాను. ఎవరికి అందించాలో చెప్పమంది.

ఫిబ్రవరి 17

చిన్న గదిలో పెద్ద అద్దం పెడితే గది పెద్దదవుతుందని పత్రికలో ఉంది. ముందుగదిలో పెట్టాను. సోఫా ఎదురుగా.

పొద్దున్న మావిస్ అద్దంలో మనిషిని చూసి మర్యాదగా తలూపింది. కూర్చోమంది. బిస్కట్లు ఇమ్మని నాకు చెప్పింది. కాసేపయ్యాక నా చొక్కా పట్టుకుని లాగి, "ఆవిడ ఎంతకీ వెళ్ళదేం? ఏం మాట్లాడదేం?" అంది.

అద్దం గోడవైపు తిప్పేశాను. అద్దం వెనక అట్ట మీద కంపెనీ పేరుంది. ముందుగదికి ఇప్పుడు అదే అలంకారం.

కౌన్సిలావిడ వచ్చేలోపు సర్దుకుంటుంది. కొత్తకదా. కొత్త బస్సు ఇచ్చినప్పుడు నాకు కూడా గేర్లు పడేవి కావు.

ఫిబ్రవరి 19

నడవాలో రెండో పూత పడని మూల ఒకటి కనిపిస్తే వేస్తున్నాను. వంటింటి నేల మీద ఎలా నడిచిందో, మావిస్ టీ తెచ్చింది. ఈసారి కప్పులోనే. నా పక్కన నిలబడి గోడ చూసింది.

"శుభ్రంగా చేస్తున్నారండీ" అంది.

నేను తిరిగి చూశాను.

"మా ఆయన కూడా తన పనులు తనే చేసుకుంటాడు. డబ్బులిచ్చి మనిషిని పెట్టుకోవడం ఆయనకి గిట్టదు. మిమ్మల్ని ఎవరు పిలిచారో మరి."

"మీ ఆయనే పిలిచాడు" అన్నాను. నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు.

"అయితే ముసలాడైపోయాడన్నమాట" అని నవ్వింది. "ఎక్కడున్నాడో. బస్సు దిగేవేళయింది. టీ చల్లారిపోతుంది, తాగండి."

తాగాను. ఉప్పు వేసింది. అయినా తాగాను.

పెళ్ళయినప్పటినుంచీ ఒక్కసారి కూడా నాతో అంత మర్యాదగా మాట్లాడలేదు. నాకు ఏడుపొచ్చింది. ఇక్కడ రాసుకుంటే ఎవరు చూడొచ్చారు.

ఫిబ్రవరి 23

ఆర్నాల్డ్ దగ్గరికి వెళ్ళాను. మా అల్మారా తలుపులు ఆయన పెరట్లో పావురాల గూటికి బిగించి ఉన్నాయి. రంగు కూడా మార్చలేదు. మూల తలుపు మీద మావిస్ పెనం కాల్చిన మచ్చ అలాగే ఉంది.

"అవి మళ్ళీ ఇచ్చేస్తావా ఆర్నాల్డ్? బదులు తెల్లవి ఇస్తా. వాటికన్నా మంచివి."

"ఇప్పుడు కుదరదయ్యా. పందేలు దగ్గర పడ్డాయి. చలికాలం పక్షులు లోపలే ఉంటాయి గనక ధైర్యంగా పెట్టాను. ఇప్పుడు వాటికి ఈ చెక్కే ఇల్లు. ఈ టైములో గూడు ముట్టుకోకూడదు."

"తలుపులేగా."

"తలుపులే అంటావు నువ్వు. పోయినేడు ముచ్చటపడి గూటి ముందువైపు ఆకుపచ్చ రంగేశా. పందెంలో ఫ్రాన్స్‌లో వదిలితే నా నీలి పావురం సముద్రం దాటి వచ్చింది. అందరికన్నా ముందొచ్చింది. వచ్చి ఏం లాభం? మా ఇళ్ళ కప్పుల మీదే తిరుగుతోంది, తిరుగుతోంది, దిగదు. గింజలు చూపించా, డబ్బా వాయించా. ఇల్లు కాదనుకుంది, పిచ్చి మొహంది. చీకటి పడేసరికి ఎటో పోయింది."

అంతవరకు చెప్పి ఆగిపోయాడు. మా ఇంటివైపు చూశాడు. తర్వాత తన బూట్ల వైపు చూసుకున్నాడు.

"టీ పెట్టనా సిరిల్?"

వద్దని వచ్చేశాను.

ఫిబ్రవరి 24

నేనే చేశాను. ఇంకెవరూ కాదు.

ఫిబ్రవరి 27

పాతది పాతగా చేసేస్తాను. కౌన్సిలావిడ రావడానికి ఇంకా రెండు వారాలుంది. స్నానాలగది తలుపుకి ముదురు రంగు వేశాను, చెక్క రంగు అనలేం గానీ చాక్లెట్టు రంగు అనొచ్చు. మావిస్ ఇవాళ ఒకసారి దాన్ని చూసి లోపలికి వెళ్ళింది. ఒకసారి వెళ్ళలేదు.

వంటింటి నేల మీద పాత పూల కార్పెట్టు ముక్కలు పరిచాను. ఆ పూలు తిప్పి తిప్పి అతికిస్తే ఎక్కడా కలవడం లేదు.

ఉల్లిపాయల వాల్‌పేపర్ ఎక్కడా లేదు. కొట్టువాడు నమూనాల పుస్తకాలన్నీ తిరగేశాడు. "అలాంటివి ఇప్పుడు ఎవరు పెట్టుకుంటారండీ" అన్నాడు. మావిస్ సంచీలో ఆవేళ ఏరుకున్న ముక్క ఒకటి దొరికింది. ఒక ఉల్లిపాయ, సగం. దాన్ని పట్టుకెళ్ళి ఆ నారింజ రంగు కలిపించుకొచ్చాను. కాగితం దొరక్కపోతే చేత్తోనే వేస్తాను.

మార్చి 2

నా ఉల్లిపాయలు బల్బుల్లా ఉన్నాయి. తోక పెడితే ఎలకల్లా ఉన్నాయి.

మార్చి 6

ఒక సంగతి కనిపెట్టాను. ఇన్ని రోజుల్లో ఇదొక్కటే మంచి సంగతి.

నేల మీద దుప్పట్లు పరిచి, నిచ్చెన వేసి, డబ్బా మూత తీశానంటే మావిస్ సాయంత్రం కోటు వేసుకోవడం లేదు. కుర్చీ తెచ్చుకుని గుమ్మంలో కూర్చుంటోంది. నీళ్ళ భయం కూడా లేదు, నేల కనపడదు కదా. ఇవాళ అడిగాను, ఇంటికి వెళ్ళాలని లేదా అని.

"ఎలా వెళ్తామండీ, పని నడుస్తోంటే? ఇల్లంతా పీకి పెట్టారు. అయిపోగానే మేం మా ఇంటికి వెళ్ళిపోతాం. అప్పటిదాకా నేనిక్కడ సర్దుకుంటా. నాకేం ఇబ్బంది లేదు."

"బాగానే ఉంటుందిలెండి అయిపోయాక."

"కిటికీ పక్క వరస తలకిందులుగా వెయ్యండి, మర్చిపోకండి."

నా చేతిలో బ్రష్షు ఆగిపోయింది.

"తలకిందులుగానా?"

"ఆ. సరిగ్గా వేశారనుకోండి, మా ఆయన వచ్చి, ఇది మనిల్లు కాదనుకుని వెళ్ళిపోతాడు. మనిషికి కాస్త తొందరెక్కువ."

వేశాను. ఆమె చూస్తుండగానే, కిటికీ పక్క, పైనుంచి కింది దాకా. అన్నీ శీర్షాసనమే. బాగున్నాయంది.

మార్చి 9

వంటింటి పని నిన్ననే అయిపోయింది. పొద్దున్న దుప్పట్లు మడిచి నిచ్చెన లోపల పెట్టాను. సాయంత్రం కోటు, సంచీ, మెట్లు. "పని అయిపోయిందిగా, ఇంక మనింటికి దింపెయ్యండి" అని నన్ను బతిమాలింది. లోపల్నుంచే వీధి తలుపు బాదింది.

పరిగెత్తి నిచ్చెన తెచ్చాను. ఒక గోడ మీద తెలుపు కొట్టేసి మళ్ళీ ఉల్లిపాయలు మొదలుపెట్టాను.

మార్చి 10

అదే గోడ.

మార్చి 12

కౌన్సిలావిడ వచ్చింది. మిసెస్ ఫెన్విక్. మంచి మనిషి. చెడ్డదైతే నాకు కాస్త తేలికగా ఉండేది.

నేను అనుకున్నదేమిటి, తెల్లటి ఇల్లు, మెరిసే వంటిల్లు, పూలు. ఆవిడ చూసిందేమిటి, నడవాలో నిచ్చెన, కాలికి తగిలే దుప్పట్లు, అతుకుల కార్పెట్టు, గోడవైపు తిరిగిన అద్దం, సగం ఉల్లిపాయలు. ఆవిడ కాలు ఒకసారి కార్పెట్టు అంచుకి తట్టుకుంది. రాసుకోలేదు గానీ చూసింది.

దుప్పట్లు తీసేస్తే పోయేది. తీస్తే మావిస్ కోటు వేసుకునేది. ఏది మేలో తేల్చుకోలేక పొద్దుటినుంచీ దుప్పటి చేత్తో పట్టుకుని నిలబడ్డాను.

ఆవిడ మావిస్ పక్కన కూర్చుని నెమ్మదిగా అడిగింది. "ఇది మీ ఇల్లేనా మావిస్?"

"కాదండీ. మాది బాగుచేస్తున్నారు."

"మరి ఈయన?"

"పెయింటరు. చాలా మంచివాడు. పాపం భోజనానికి కూడా ఇంటికి వెళ్ళడు. ఇంట్లో ఎవరూ లేరేమో."

మిసెస్ ఫెన్విక్ నా వైపు చూడలేదు. అది ఆవిడ మంచితనం.

వెళ్తూ గుమ్మం దగ్గర అంది. "ఇలాంటి జబ్బున్నవాళ్ళకి పాత ఇల్లు పాతగా ఉంటేనే దారి దొరుకుతుంది. మీకెవరూ చెప్పలేదా?"

"చెప్పలేదు. నేను ఎవర్నీ అడగలేదు కూడా."

"మీ తప్పేం లేదు సిరిల్."

ఆ మాట ఎందుకంటారో నాకు తెలుసు. బస్సు కింద కుక్క పడితే నేను కూడా దాన్ని పెంచుకున్న పిల్లలకి అదే చెప్పేవాణ్ణి.

మార్చి 21

ఉత్తరం వచ్చింది. ఆశ్రమం.

మార్చి 22

గోడ.

ఏప్రిల్ 8

డోరీన్ కారులో తీసుకెళ్ళాం. కోటు వేసుకో మావిస్ అంటే ఒక్క మాట అనకుండా వేసుకుంది. ఇన్నాళ్ళూ అదే కదా అడుగుతోంది. దారంతా కిటికీలోంచి చూస్తూ సంతోషంగా కూర్చుంది. ప్రతి వీధి మలుపులోనూ, "వచ్చేశాం" అంది.

ఆశ్రమంలో ఆమె గది మీగడ రంగు. ఇంటినుంచి ఏదైనా గోడకి పెట్టుకోవచ్చని అక్కడి అమ్మాయి చెప్పింది. నా దగ్గర ఏముంది పెట్టడానికి. అన్నీ గీకేశాను.

వచ్చేటప్పుడు డోరీన్ నన్ను తిట్టలేదు. ఇంటిముందు కారాపి, "లోపలికి రానా?" అంది. రంగు వాసన పడదు నీకు, వద్దులే అన్నాను.

ఏప్రిల్ 15

చొక్కా, టై కట్టుకుని, గడ్డం గీసుకుని వెళ్ళాను. ఆశ్రమం హాల్లో మావిస్ నా వైపు చూసి కాళ్ళు పక్కకి తీసుకుంది, నేను దాటి వెళ్ళడానికి. పక్కన కూర్చుంటే, ఆ కుర్చీ ఎవరిదో, వాళ్ళొస్తారంది. మీ పేరేమిటన్నాను. పరాయి మగవాళ్ళకి చెప్పనంది. అక్కడి అమ్మాయి వచ్చి, "మీ ఆయనే మావిస్" అంది. మావిస్ భయపడింది. నేనే లేచి వచ్చేశాను.

ఏప్రిల్ 16

ఏమీ చెయ్యలేదు.

ఏప్రిల్ 20

ఇల్లు అయిపోయింది. నేను చెయ్యవలసింది ఏ గదిలోనూ లేదు. దుప్పట్లు ఉతికి ఆరేశాను, నిచ్చెన ఆర్నాల్డ్‌కి ఇచ్చేశాను. వంటిల్లు పొద్దుటి ఎండలో నిజంగా చూడముచ్చటగా ఉంది. అందులో ఒక కప్పు, ఒక పళ్ళెం.

ఏప్రిల్ 29

ఆశ్రమానికి వెళ్ళేముందు వంటింట్లో నిలబడి నారింజ డబ్బా మూత తీశాను. అడుగున కాస్తే ఉంది. రెండు వేళ్ళు ముంచాను. అరచేతికి రాసుకున్నాను, చొక్కా చేతి మీద కొంచెం. పాత పని ప్యాంటు వేసుకున్నాను. బస్సులో ఒకావిడ నా పక్కనుంచి లేచి వేరే సీట్లో కూర్చుంది.

మావిస్ కిటికీ దగ్గర ఉంది. నా మొహం చూడలేదు. చేతులు చూసింది.

"వచ్చారా. ఎంతవరకు వచ్చింది?"

"అయిపోవచ్చిందండీ. ఇంకో గోడ ఉంది."

"తొందరేం లేదు. నిదానంగా చెయ్యండి." కుర్చీ లాగి పక్కన వేసింది, కూర్చోమని. "కిటికీ పక్కది ఎలా వేశారు?"

"తలకిందులుగానే."

"మంచిపని చేశారు" అంది. "మా ఆయన వస్తే గుర్తుపట్టాలి కదా."

భోజనాల గంట కొట్టేదాకా కూర్చున్నాను. నా వేలి మీద రంగు ఎండి పెచ్చులు రేగితే గోటితో మెల్లగా తీసింది.

రేపు నారింజ రంగు చిన్న డబ్బా ఇంకొకటి కొనాలి.